మొక్క కణంలో సూక్ష్మనాళికలు ఎలా పుడతాయి, ఎలా బారులు తీరతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో డిగ్రీ, ఎం.ఎస్సీ. చదువుతున్న తెలుగు పిల్లలకి కణశాస్త్రం చెబుతుంటాను. ఎక్కువమంది అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇక్కడికి రాగానే అంతా ఇంగ్లీషు. దాంతో పరీక్ష ముందు టెన్షన్ మామూలుగా ఉండదు. కింద ఉన్నవి వాళ్లు అడిగే ప్రశ్నలు. ఒకటి రెండు వాళ్ల ఇంట్లోవాళ్లు ఫోన్‌లో అడిగినవి. తెలుగు అకాడమీ పుస్తకాల్లో సూక్ష్మనాళిక అన్నా, ల్యాబ్‌లో మైక్రోట్యూబ్యూల్ అన్నా ఒకటే. నేనూ రెండూ వాడతాను.

సార్, అసలు సూక్ష్మనాళిక అంటే ఏమిటి?

ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో కట్టిన బోలు గొట్టం. వ్యాసం సుమారు 25 నానోమీటర్లు. ఆల్ఫా, బీటా అని రెండు రకాల ట్యూబ్యులిన్లు జతకడితే 8 నానోమీటర్ల ఇటుక తయారవుతుంది. ఈ ఇటుకలు ఒకదాని వెనక ఒకటి చేరి వరుస అవుతాయి. సాధారణంగా 13 వరుసలు పక్కపక్కన అతుక్కుంటే గొట్టం. అన్ని ఇటుకలూ ఒకే వైపు తిరిగి ఉంటాయి కాబట్టి గొట్టం రెండు కొనలూ ఒకటి కావు. బీటా బయటికి ఉన్నది ప్లస్ కొన, ఆల్ఫా బయటికి ఉన్నది మైనస్ కొన. పెరగడం, తరగడం చురుగ్గా జరిగేది ప్లస్ కొన దగ్గర.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ గొట్టం నిలకడగా ఉండదు. ప్రతి ఇటుకా జీటీపీ అనే శక్తి అణువుని పట్టుకుని వస్తుంది. గొట్టంలో చేరాక ఆ జీటీపీ జీడీపీగా మారిపోతుంది. కొన దగ్గర జీటీపీ ఇటుకలు ఉన్నంతసేపు గొట్టం పెరుగుతుంది. అవి అయిపోతే ఒక్కసారిగా విచ్చుకుని కరిగిపోతుంది. టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ 1984లో దీన్ని చూపించి డైనమిక్ ఇన్‌స్టెబిలిటీ అని పేరు పెట్టారు. ఇది అర్థం కాకపోతే ముందుకి వెళ్లకండి, కింద ఉన్నదంతా దీని మీదే నడుస్తుంది.

మా కాలేజీ మైక్రోస్కోప్‌లో ఉల్లి వేరు కొన చూశాం. క్రోమోజోములు కనిపించాయి గానీ ఇవి కనపడలేదేం?

కనపడవు. మామూలు కాంతి మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపలేదు. మీ గొట్టం అందులో ఎనిమిదో వంతు. పైగా ఎసిటోకార్మిన్ రంగు క్రోమోజోములకే పడుతుంది. రికార్డులో మీరు గీసే కండె తంతువులు (కణవిభజనలో క్రోమోజోముల్ని చెరో వైపుకి లాగే నాళికల కట్టలు, ఇంగ్లీషులో స్పిండిల్) పుస్తకం చూసి గీసేవే. ఎగ్జామినర్‌కీ ఆ సంగతి తెలుసు.

సజీవ కణంలో కండె తంతువులు నిజంగా ఉన్నాయని షిన్యా ఇనౌయే 1953లో ధ్రువిత కాంతితో చూపించాడు. విడి నాళికలు కనపడటానికి ఇంకో పదేళ్లు పట్టింది. అంతకుముందు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం కణాల్ని ఆస్మియం అనే రసాయనంతో బిగించేవాళ్లు, అంటే ఉన్నవి ఉన్నట్టు నిలిచిపోయేలా చేసేవాళ్లు. ఆ దెబ్బకి నాళికలు చెదిరిపోయేవి. ఆ పనికి గ్లుటరాల్డిహైడ్ వాడకం మొదలయ్యాక 1963లో లెడ్‌బెటర్, పోర్టర్ మొక్క కణాల్లో కణత్వచం కిందే వరుసగా పడి ఉన్న గొట్టాలు చూశారు. అవి కణకవచంలోని సెల్యులోజ్ పోగులకి సమాంతరంగా ఉన్నాయి. వాళ్ల కంటే ముందే, 1962లో, పాల్ గ్రీన్ అనే ఆయన నైటెల్లా అనే శైవలం మీద కాల్చిసిన్ (కండె కట్టనివ్వని మందు) వేసి చూశాడు. కండె పోగుల లాంటి పదార్థం ఏదో కణకవచం కింద ఉండి సెల్యులోజ్‌కి దారి చూపుతోందని ఊహించాడు. కంటికి కనపడకముందే కనిపెట్టడమంటే ఇదే. నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చే ఘట్టం కూడా ఇదే.

ఇప్పుడైతే ట్యూబ్యులిన్‌కి ఆకుపచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రోటీన్ తగిలించి, కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ కింద బతికున్న మొక్కలోనే సినిమాలా చూస్తారు. డిగ్రీ కాలేజీల్లో ఆ యంత్రం ఉండదు. మన ఊళ్లో ఐఐఎస్సీలో (భారతీయ విజ్ఞాన సంస్థ), వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే ఆవరణలోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో కణాల మీద పనిచేసేవాళ్లు ఉన్నారు. ఐఐఎస్సీ ఓపెన్ డే పెట్టినప్పుడు వెళ్లండి, మొహమాటపడకుండా అడగండి.

జంతుకణంలో సెంట్రోసోమ్ నుంచి పుడతాయని చదివాం. మొక్కలో సెంట్రోసోమ్ లేదు కదా, మరి ఎక్కడి నుంచి?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. పుస్తకాలు 'మొక్కల్లో సెంట్రియోల్స్ (సెంట్రోసోమ్ నడుమ ఉండే జంట కణికలు) ఉండవు' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాయి. ఏదో లోటు ఉన్నట్టు. లోటేమీ లేదు, పద్ధతే వేరు.

ట్యూబ్యులిన్ ఇటుకలు తమంతట తాము గొట్టం మొదలుపెట్టడం చాలా కష్టం. మొదటి వలయం ఎవరైనా పేర్చి పెట్టాలి. ఆ పని చేసేది గామా ట్యూబ్యులిన్ వలయ సముదాయం. జంతుకణంలో ఇవి ఎక్కువగా సెంట్రోసోమ్ దగ్గర గుమిగూడి ఉంటాయి. అందుకే నాళికలు అక్కడి నుంచి నలుదిక్కులకీ పోతాయి. పూల మొక్కల కణంలో అవే సముదాయాలు కణత్వచం కిందంతా చెదురుమదురుగా ఉంటాయి. అవి ఊరికే త్వచం మీద కూర్చుని పని మొదలుపెట్టడం తక్కువ. ఎక్కువగా, అప్పటికే ఉన్న ఒక నాళిక పక్కకి వచ్చి వాలతాయి. ఆగ్మిన్ అనే మరో ప్రోటీన్ సముదాయం వాటిని అక్కడికి చేరుస్తుంది. అక్కడి నుంచి కొత్త నాళిక కొమ్మలా మొలుస్తుంది. పాత నాళికకీ కొత్తదానికీ మధ్య కోణం సుమారు 40 డిగ్రీలు. మురాతా బృందం 2005లో దీన్ని చూపించింది. కొన్నిసార్లు కోణం లేకుండా పాతదాని వెంబడే సమాంతరంగా కూడా మొలుస్తుంది.

అంటే పాత నాళికల బారు ఎటు ఉంటే కొత్తవి దాదాపు అటే పుడతాయి. క్రమం ఉన్నచోటే క్రమం పెరుగుతుంది. కేంద్రం నుంచి ఆజ్ఞలేమీ రావు.

ఒక చిన్న సవరణ. 'మొక్కల్లో సెంట్రియోల్స్ ఉండవు' అనేది పూల మొక్కలకి సరే. నాచు మొక్కలు, ఫెర్న్‌లు, ఇంటర్‌లో మీరు చదివిన సైకాస్, ఇంకా గింకో, వీటి పుంబీజకణాలకి కశాభాలు (ఈదడానికి తోకలు) ఉంటాయి. కశాభం కింద సెంట్రియోల్ లాంటిదే అయిన ఆధారకణిక కావాలి కాబట్టి ఆ ఒక్క సందర్భంలో అవి కొత్తగా తయారవుతాయి. ఈదే గింకో, సైకాస్ పుంబీజకణాల్ని 1896లో హిరాసే, ఇకెనో అనే జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు.

40 డిగ్రీల్లో కొమ్మలు వేసుకుంటూ పోతే చిక్కుబడిన వలలా అవ్వాలి కదా? బారుగా ఎలా ఉంటాయి?

ఢీకొనడం వల్ల. కణత్వచం లోపలివైపు ఇరుకైన చోటు. నాళికలన్నీ దాదాపు ఒకే తలంలో ఉంటాయి. ప్లస్ కొన నిమిషానికి 3 నుంచి 5 మైక్రోమీటర్లు పెరుగుతూ పోతుంటే ఎవరో ఒకరు అడ్డం రాక తప్పదు. రామ్ దీక్షిత్, రిచర్డ్ సైర్ 2004లో పొగాకు కణాల్లో ఈ ఢీకొనడాల్ని లెక్కగట్టారు. కోణం 40 డిగ్రీల కంటే తక్కువగా ఉంటే వచ్చినది వంగి, అడ్డం వచ్చినదాని పక్కనే కలిసి నడుస్తుంది. దీన్ని జిప్పరింగ్ అంటారు. కోణం ఎక్కువగా ఉంటే వచ్చినది కుంచించుకుపోతుంది, లేకపోతే పైనుంచి దాటిపోతుంది. ఇలా వేల ఢీకొనడాలు జరిగేసరికి అడ్డదిడ్డంగా ఉన్నవి రాలిపోతాయి, ఒక దిక్కుకి ఉన్నవి మిగులుతాయి. కలిసి నడిచే జతల్ని ఎంఏపీ65 కుటుంబం ప్రోటీన్లు 25, 30 నానోమీటర్ల ఎడంలో కట్టి ఉంచుతాయి.

ఇంకో విశేషం. ఈ నాళికలు ఉన్నచోట ఉండవు. ప్లస్ కొన మొత్తం మీద పెరుగుతుంటే వెనక మైనస్ కొన మెల్లగా అరుగుతుంటుంది. దాంతో గొట్టమే జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఏ ఇటుకా కదలదు. షా, ఎర్‌హార్ట్ బృందం 2003లో అరబిడాప్సిస్‌లో దీన్ని పట్టుకుంది. అరబిడాప్సిస్ మన ఆవాల కుటుంబంలోని చిన్న మొక్క, మొక్కల పరిశోధకులకి ప్రధాన నమూనా. దీన్ని ట్రెడ్‌మిల్లింగ్ అంటారు. ఇంటర్వ్యూల్లో ఇది తప్పకుండా అడుగుతారు.

కెటానిన్ గురించి ఒక్కో చోట ఒక్కోలా ఉంది. అది కట్టేదా, కోసేదా?

కోసేది. జపాన్ కత్తి 'కటానా' పేరు మీదే 1993లో మెక్‌నాలీ, వేల్ నాళికల్ని తెంపే ఈ ప్రోటీన్‌కి ఆ పేరు పెట్టారు. కానీ మొక్కలో ఆ కోతే కట్టడానికి పనికొస్తుంది. కొమ్మగా పుట్టిన నాళిక పుట్టినచోటే అతుక్కుని ఉంటే కదలలేదు. కెటానిన్ దాన్ని మొదట్లో తెంపుతుంది, అప్పుడే అది స్వతంత్రంగా నడవగలదు. ఒకదాని మీద ఒకటి దాటిన చోట కూడా కోస్తుంది, అడ్డం వచ్చినది ఊడిపోతుంది. కెటానిన్ చెడిన అరబిడాప్సిస్ మొక్కల్లో నాళికలు చెల్లాచెదురుగా ఉంటాయి, కణాలు పొట్టిగా లావుగా తయారవుతాయి, కాడ పెళుసుగా విరుగుతుంది. అలాంటి ఒక ఉత్పరివర్తనానికి 'ఫ్రాజైల్ ఫైబర్ 2' అని పేరు.

కోత తుంచడానికే కాదు, పెంచడానికీ. పెరిగే కాడ మీద నీలికాంతి పడితే, అడ్డంగా ఉన్న బారు కాసేపట్లోనే నిలువుగా మారిపోతుంది. లిండెబూమ్ బృందం 2013లో కారణం చూపింది. దాటిన చోట కెటానిన్ కోయగానే, కోసిన కొనే కొత్త ప్లస్ కొనగా మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. నిలువుగా వెళ్లేది ఒకటి ఉంటే కోతకి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పాత బారు చూస్తుండగానే మైనారిటీలో పడిపోతుంది.

ఇంతా చేసి ఆ బారు వల్ల మొక్కకి ఒరిగేదేమిటి?

ఆకారం. కణం లోపలి నీటి ఒత్తిడి అన్ని దిక్కులకీ సమానంగా తోస్తుంది. అయినా వేరు కణం బంతిలా ఉబ్బదు, పొడుగ్గా సాగుతుంది. పొడుగు బెలూన్‌కి అడ్డంగా దారం చుట్టి ఊది చూడండి, లావెక్కలేక పొడుగ్గానే పోతుంది. కణానికి ఆ దారం సెల్యులోజ్. ఆ దారాన్ని ఎటు చుట్టాలో నిర్ణయించేది లోపలి సూక్ష్మనాళికల బారు.

ఎలాగంటే, సెల్యులోజ్ తయారుచేసే ఎంజైమ్ గుంపు కణత్వచంలోనే ఉంటుంది. వెనక పోగు వదులుతూ నిమిషానికి సుమారు 300 నానోమీటర్ల వేగంతో ముందుకి జరుగుతుంది. పారెడెజ్, సోమర్‌విల్, ఎర్‌హార్ట్ 2006లో ఎంజైమ్‌నీ నాళికల్నీ వేర్వేరు రంగుల్లో మెరిసేలా చేసి ఒకేసారి చూశారు. ఎంజైమ్‌లు నాళికల వెంబడే నడుస్తున్నాయి. నాళికల బారు తిరిగితే అవీ తిరిగాయి. 1962 నాటి ఊహకి కళ్లారా సాక్ష్యం 44 ఏళ్లకి దొరికిందన్నమాట. రెండింటినీ కలిపే ప్రోటీన్ సీఎస్ఐ1 అని తర్వాత తేలింది. అయితే ఎంజైమ్‌ని తోసేది నాళిక కాదు. పోగు పేరుకుంటూ పోవడం వల్లే అది ముందుకి జరుగుతుంది. నాళికలు లేకపోయినా సెల్యులోజ్ తయారవుతుంది, దారి మాత్రం ఉండదు. ఈ తేడా రాయనివాళ్లకి నేను మార్కులు కోస్తాను.

గుంటూరు పత్తిలో ఒక్కో పోగూ విత్తనం పైపొరలోని ఒక్కో కణమే. ఆ ఒక్క కణం రెండున్నర, మూడు సెంటీమీటర్లు సాగగలగడంలో ఈ అడ్డబారుకి పెద్ద వాటా ఉంది.

నాళికలు ఏటవాలుగా ఉంటే మొక్క మెలిక తిరుగుతుందట. చిక్కుడు తీగ కర్రకి చుట్టుకోవడం కూడా అంతేనా?

మొదటిది నిజం. ఆల్ఫా ట్యూబ్యులిన్‌లో ఒక్క మార్పు వస్తే బారంతా కుడివాటంగా ఏటవాలు అవుతుంది, మొక్క ఎడమవాటంగా మెలికపడుతుంది. 'లెఫ్టీ' అనే ఈ ఉత్పరివర్తనాలు 2002లో ప్రచురితమయ్యాయి. చిక్కుడు తీగ సంగతి వేరు. దాని కొన గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆధారం వెతుక్కుంటుంది. రెండింటినీ కలిపి రాయకండి.

బారు ఎటు తిరగాలో మొదట ఎవరు చెబుతారు? మా అమ్మ పొట్లకాయకి రాయి కడుతుంది, దానికీ దీనికీ సంబంధం ఉందా?

వెలుగు చెబుతుంది, హార్మోన్లు చెబుతాయి, కణం అంచుల ఆకారం చెబుతుంది. వీటన్నిటికంటే ఆసక్తికరమైనది లాగుడు. ఒలివియే అమాఁ బృందం 2008లో అరబిడాప్సిస్ కాండం కొనలోని విభాజ్య కణజాలం మీద పనిచేసింది. కణజాలంలో ఒత్తిడి ఏ దిక్కున ఎక్కువగా లాగుతుందో, నాళికలు ఆ దిక్కుకే బారు తీరుతున్నాయని తేల్చింది. లేజర్‌తో ఒక కణాన్ని చంపితే చుట్టుపక్కల కణాల్లో నాళికలు ఆ గాయం చుట్టూ వలయాలుగా సర్దుకున్నాయి. లాగుడు ఎక్కువైన చోటే సెల్యులోజ్ కట్టు గట్టిపడుతుంది.

ఇక పొట్లకాయ. మీ అమ్మగారు చేసేది మంచి పనే. బరువు వల్ల కాయ వంకర తిరగకుండా తిన్నగా దిగుతుంది. దానికి సూక్ష్మనాళికల సిద్ధాంతం అక్కర్లేదు. పైన చెప్పినదాని ప్రకారం చూస్తే, నిలువుగా లాగితే నాళికలు కూడా నిలువుకే తిరగాలి. నిలువు బారు పొడుగుని ఆపేదే తప్ప పెంచేది కాదు. కాబట్టి రాయి వల్ల కాయ ఎక్కువ పొడుగు పెరుగుతుందని ఈ పరిశోధన పేరు చెప్పి వాదించకండి.

కణవిభజనలో ఈ బారు ఏమవుతుంది?

కణం దాన్ని విప్పేసి మళ్లీ కడుతుంది, నాలుగు రూపాల్లో. మామూలు సమయంలో త్వచం కింది బారు. విభజనకి ముందు అదంతా కుదించుకుని కేంద్రకం చుట్టూ ఒక వడ్డాణంలా చేరుతుంది. ఇది ప్రీప్రొఫేజ్ పట్టీ. పికెట్‌హీప్స్, నార్త్‌కోట్ 1966లో గోధుమలో చూశారు. తర్వాత కండె. మొక్కల కండె కొనలు సెంట్రోసోమ్ లేనందువల్ల వెడల్పుగా ఉంటాయి. చివరగా ఫ్రాగ్మోప్లాస్ట్. ఎదురెదురుగా నిలిచిన రెండు నాళికల గుంపులు గాల్జీ సంచుల్ని మధ్యకి చేరవేస్తాయి, అక్కడ కొత్త గోడ నడుమ నుంచి అంచులకి విస్తరిస్తుంది.

విచిత్రమేమిటంటే ఆ గోడ వెళ్లి తగిలే చోటు, ఎప్పుడో మాయమైపోయిన పట్టీ ఉన్న చోటే. పట్టీ కరిగిపోయినా టాంగిల్డ్ లాంటి ప్రోటీన్లు అక్కడే గుర్తుగా ఉండిపోతాయి. దాంతో పట్టీయే అంతా నిర్ణయిస్తుందని చాలాకాలం బోధించాం. 2017లో షేఫర్ బృందం పట్టీ ఏర్పడని అరబిడాప్సిస్ మొక్కల్ని పెంచి చూసింది. విభజన దిశ మరీ గందరగోళమేమీ కాలేదు, కొంచెం తడబడింది అంతే. కాబట్టి పట్టీ దిశని ఖాయం చేస్తుంది, దానంతట అదే నిర్ణయించదు. మీ పాత నోట్సులో 'తప్పనిసరి' అని ఉంటే కొట్టేయండి.

మొక్కల్లో డైనీన్ ఉందా?

డైనీన్ అంటే నాళికల మీద మైనస్ కొన వైపు సరుకు మోసే ప్రోటీన్. పూల మొక్కల్లో లేదు. ఆ పని కైనెసిన్-14 అనే మరో మోత ప్రోటీన్ల కుటుంబం చేస్తుంది. అరబిడాప్సిస్‌లో కైనెసిన్ జన్యువులు 61.

వేరుశనగలో విత్తిన వెంటనే కొట్టే కలుపు మందు కూడా దీని మీదే పనిచేస్తుందని అబ్బాయి అంటున్నాడు, నిజమేనా బాబూ?

నిజమేనండీ. పసుపు మరక పడే ఆ పెండిమెథాలిన్, దాని బంధువు ట్రైఫ్లురాలిన్, మొక్కల ట్యూబ్యులిన్‌ని పట్టుకుని గొట్టం కట్టుకోనివ్వవు. మొలకెత్తే గడ్డి గింజ వేరు పొడుగు సాగలేక కొన దగ్గర గదలా ఉబ్బి ఆగిపోతుంది. మందు నేల పైపొరలో ఉంటుంది. చిన్న కలుపు గింజలూ అక్కడే మొలుస్తాయి, వేరుశనగ గింజ దాని కిందికి పడుతుంది. అందుకే మొలక రాకముందే, నేలలో తేమ ఉండగా కొట్టమంటారు. ఎదిగిన కలుపు మీద పెద్దగా పనిచేయదు. జంతువుల ట్యూబ్యులిన్‌ని ఇది మొక్కలదాన్ని పట్టుకున్నట్టు పట్టుకోదు. అలాగని ఒంటి మీద పడితే ఫర్వాలేదని కాదు, చేతులకి తొడుగులు, డబ్బా మీద రాసిన మోతాదు తప్పకూడదు.

ఎల్యుసిన్ ఇండికా అని ఒక గడ్డి ఉంది, బెంగళూరు రోడ్ల పక్కన కూడా మొలుస్తుంది. మన రాగికి దగ్గరి చుట్టం. రాగి పూర్వీకుల్లో ఒకటి అదే. అమెరికా పత్తి పొలాల్లో అది ఈ మందులకి లొంగడం మానేసింది. 1998లో కారణం తెలిసింది. ఆల్ఫా ట్యూబ్యులిన్‌లో 239వ స్థానంలోని త్రియొనీన్ బదులు ఐసోల్యూసీన్ వచ్చింది. ఒక్క అమైనో ఆమ్లం, అంతే. ఏటా ఒకే మందు కొట్టొద్దని వ్యవసాయ శాఖవాళ్లు చెప్పేది ఇందుకే.

కాల్చిసిన్‌తో క్రోమోజోములు రెట్టింపు ఎలా అవుతాయి?

కండె కట్టనివ్వకపోతే క్రోమోజోములు విడిపోయినా చెరో వైపుకి వెళ్లలేవు. ఒకే కేంద్రకంలో అన్నీ ఉండిపోతాయి. బ్లేక్స్‌లీ, ఏవరీ 1937లో మొక్కల్లో దీన్ని వాడి చూపించారు. విత్తనాలు లేని పుచ్చకాయ వెనక ఉన్నది కూడా ఈ రెట్టింపే. నాలుగు సెట్ల క్రోమోజోములున్న తల్లికి రెండు సెట్ల తండ్రిని కలిపితే వచ్చేది మూడు సెట్ల మొక్క, దానికి గింజ కట్టదు. రాగి మాత్రం ఏ మందూ లేకుండా ప్రకృతిలోనే రెట్టింపైంది: దాని చుట్టం గడ్డిలో 18 క్రోమోజోములు, రాగిలో 36.

మన పక్క రాష్ట్రం తమిళనాడు రాష్ట్ర పుష్పం అగ్నిశిఖలో కాల్చిసిన్ ఉంటుంది. అక్కడ రైతులు ఆ విత్తనాల కోసమే దాన్ని పండిస్తారు. అందంగా ఉందని కుండీలో పెంచుకుంటే పిల్లలకి అందకుండా ఉంచండి, దుంప మరీ విషం.

కాన్‌ఫోకల్ లేకుండా డిగ్రీ ల్యాబ్‌లో చేయదగ్గ ప్రయోగం ఏదైనా చెప్పండి.

ఖర్చులేనిది చల్లదనం. చాలా మొక్కల నాళికలు సున్నా డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. గోధుమ మొలకల వేరు కొనల్ని ఐసు నీళ్లలో ఒక రోజు ఉంచండి, తర్వాత మామూలుగా బిగించి, రంగు వేసి, నలిపి చూడండి. పక్కన చల్లబరచని వేరు కొన స్లయిడు పెట్టుకోండి. చల్లబరచిన దాంట్లో మధ్యస్థదశలో (మెటాఫేజ్) ఆగిపోయిన కణాలు ఎక్కువగా కనిపిస్తాయి. క్రోమోజోములు కురచగా, విడివిడిగా ఉంటాయి, లెక్కపెట్టడం తేలిక. క్రోమోజోములు చెరో వైపుకి జరిగే చలనదశ (అనాఫేజ్) కణాలు వెతికినా దొరకడం కష్టం. నాళిక కనపడదు గానీ అది లేనప్పుడు ఏం ఆగిపోతుందో కనపడుతుంది.

రెండోది పెండిమెథాలిన్‌తో. బాగా పలచన చేసి, వడపోత కాగితం మీద ఆవాలు, రాగులు మొలకెత్తించండి. పక్కనే ఉత్త నీళ్ల పళ్లెం ఒకటి ఉంచండి. వేరు పొడుగుతో పాటు కొన దగ్గరి వెడల్పు కూడా కొలవండి. చాలామంది పొడుగు కొలిచి ఊరుకుంటారు, అసలు కథ వెడల్పులో ఉంది. తొడుగులు వేసుకోండి. మిగిలిన మందు నీళ్లు సింకులో పారబోయకుండా ల్యాబ్ అసిస్టెంట్‌కి ఇవ్వండి.